మరియదాసు జేబులో బిళ్ళ

హనుమయ్యకు యాభై ఎనిమిదేళ్ళు. తిరువూరు మెయిన్ రోడ్డులో పురుగుమందుల షాపు, విస్సన్నపేట దారిలో పదెకరాల మామిడితోట ఉన్నాయి. రెండూ తండ్రి ఇచ్చినవే. గుర్రం మాత్రం తను కొనుక్కున్నది.

మూడేళ్ళ క్రితం ఒక బ్యాండు మేళం వాళ్ళు పని మానేసి సామాను అమ్ముకుంటుంటే వాళ్ళ తెల్లగుర్రాన్ని కొన్నాడు. దాని పేరు ముత్యం. పెళ్ళికొడుకులను ఎక్కించుకుని ఊరేగడం తప్ప దానికి వేరే పని తెలియదు. ఎడమ చెవి పక్కన తాడు పట్టుకుని మనిషి నడిస్తేనే నడుస్తుంది. ఆ మనిషి ఆగితే ఆగుతుంది. పైన కూర్చున్నవాడు కళ్ళెం లాగినా, మడమలతో పొడిచినా, తల తిప్పి తాడు వైపే చూస్తుంది. పదకొండేళ్ళుగా ఆ తాడు పట్టుకున్నది మరియదాసు. అందుకని గుర్రంతోబాటు అతనూ తోటకు వచ్చాడు.

రోజూ పొద్దున ఆరింటికి హనుమయ్య గుర్రమెక్కేవాడు. మరియదాసు పక్కన నడిచేవాడు. తోటలో మూడు చుట్లు తిరిగి దిగేవాడు. ఎనిమిదింటికి షాపు తెరిచి, "ఇవాళ కాస్త పరుగెత్తించాను," అనేవాడు. మొదటిసారి అలా ఎందుకన్నాడో అతనికే తెలియదు. తర్వాత మానడం కుదరలేదు.

షాపుకు పేపరు చదువుకోవడానికి వచ్చే రాధాకృష్ణమూర్తి మాస్టారు ఒకరోజు పేపరు మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"హనుమయ్యగారూ, మీ గుర్రం పరుగు చెవులతో వినడమే గాని కళ్ళతో చూసింది లేదు. ఆదివారం తోటకు రమ్మంటారా?"

"కొత్త మనిషిని చూస్తే బెదురుతుంది మాస్టారూ."

"పోనీ వీడియో తీయించండి. దాన్ని చూసి మేము బెదరం."

మందు కొనడానికి వచ్చిన రైతులిద్దరు నవ్వారు. హనుమయ్య కూడా నవ్వి, "అలాగే, వారంలో చూపిస్తాను," అన్నాడు.

తీసేదెవరు? ఎవరొచ్చి తీసినా తాడు పట్టుకున్న మనిషి కనబడతాడు. తీసే మనిషి లేకుండా తనంతట తనే తిరిగి తీసే కెమెరాలు ఉంటాయని విన్నాడు. సెల్ ఫోన్ల షాపు నడిపే ప్రేమ్ కిరణ్ దగ్గరకు వెళ్ళి అడిగాడు. ప్రేమ్ కిరణ్ మరియదాసు మేనల్లుడు.

"రెండు రకాలున్నాయండి," అని కుర్రాడు వీడియోలు పెట్టి చూపించాడు. "ఒకటి మనిషి ఆకారాన్ని గుర్తుపట్టి తిరుగుద్ది. చెట్లు అడ్డమొస్తే తప్పిపోద్ది. రెండోది, ఇదిగో, ఈ బిళ్ళ జేబులో పెట్టుకుంటే చాలు. మీరు ఎటు పోతే అటు తిరుగుద్ది. మీరు దూరమైతే అదే దగ్గరగా లాక్కుని చూపిద్ది."

"ఆ మొదటి రకానికి ఇద్దరు మనుషులు కనబడితే?"

"ఎవరు బాగా కనబడితే వాళ్ళ వెనక పోద్దండి." ప్రేమ్ కిరణ్ బిళ్ళను వేళ్ళ మధ్య తిప్పాడు. "మా మావయ్య పక్కనుంటాడుగా?"

"మరియదాసా? అతను గడ్డి వేస్తాడు, కడుగుతాడు. నేను ఎక్కాక దగ్గరికి రాడు."

ప్రేమ్ కిరణ్ చేతిలోని బిళ్ళ వైపు చూస్తూ, "అయితే ఏదైనా పర్లేదండి," అన్నాడు.

హనుమయ్య మూడు రోజులు ఆలోచించాడు. కెమెరా ఎంత దూరం లాగుతుంది, ఎండలో ఆగుతుందా, గుర్రం కుదుపుకు బిళ్ళ పడిపోదా అని మళ్ళీ మళ్ళీ వెళ్ళి అడిగాడు. చివరకు బిళ్ళ ఉన్నదే కొన్నాడు.

మర్నాడు పొద్దున పంపుషెడ్డు ముందు మూడుకాళ్ళ స్టాండు మీద కెమెరా పెట్టి, బిళ్ళను చొక్కా జేబులో వేసుకున్నాడు.

"గుర్రం మెడ చాటున నడువు మరియదాసూ. తల పైకి రాకుండా వంగి నడువు."

"అలాగే బాబుగారూ."

ఎక్కబోయే ముందు హనుమయ్య రోజూ చేసే పనే చేశాడు. జేబు ఖాళీ చేసి మరియదాసు చేతిలో పెట్టాడు. ఫోను, తాళాలు, కళ్ళజోడు. చేతిలో ఏం పెడుతున్నదీ ఏనాడూ చూసుకోలేదు, ఆ పూటా చూసుకోలేదు. మరియదాసు అన్నీ తన చొక్కా జేబులో వేసుకుని తాడు పట్టుకున్నాడు.

హనుమయ్య వెన్ను నిటారుగా పెట్టి మూడు చుట్లు తిరిగాడు. కెమెరా తమతోబాటే తిరగడం చూసి సంతోషించాడు. వీడియో బయటికి తీయడం చేతకాక సాయంత్రం కెమెరాను ప్రేమ్ కిరణ్ షాపుకు పట్టుకెళ్ళాడు. ప్రేమ్ కిరణ్ దాన్ని గోడ మీది పెద్ద టీవీకి కలిపాడు.

ముందు గుర్రం మెడ కింద రెండు కాళ్ళు కనబడ్డాయి. చెప్పుల్లేవు. కుడికాలు సరిగ్గా పడుతోంది. ఎడమకాలు మడమ మీద పడి, పక్కకు ఒరిగి, తర్వాత ఈడ్చుకుంటూ ముందుకొస్తోంది. దారి మలుపు తిరిగాక మరియదాసు మొత్తంగా వచ్చాడు. నడుము సగానికి వంచి, గుర్రం చెవిలో ఏదో చెబుతూ నడుస్తున్నాడు. ఖాళీగా ఉన్న చెయ్యి తొడ మీద ఆన్చుకున్నాడు. పై అంచున రికాబులో పెట్టిన బూటు ఒకటి, మోకాలి దాకా ప్యాంటు, వస్తూ పోతూ ఉన్నాయి. ఆ చుట్టులో హనుమయ్య అంతకంటే కెమెరాకు దొరకలేదు.

"బిళ్ళ ఎక్కడ పెట్టారండి?"

హనుమయ్య చొక్కా జేబు తడుముకున్నాడు. ఫోను, తాళాలు, కళ్ళజోడు ఉన్నాయి, బిళ్ళ లేదు. ప్రేమ్ కిరణ్ మళ్ళీ అడగలేదు. రెండో చుట్టులో మరియదాసు చెట్టు పట్టుకుని ఆగాడు. గుర్రమూ ఆగింది. "ఏంటి ఆగావ్?" అన్న తన గొంతు టీవీలో వినబడింది. మరియదాసు మళ్ళీ నడిచాడు.

"ఆ కాలికి ఏమైంది?" అని అడిగాడు హనుమయ్య.

ప్రేమ్ కిరణ్ టీవీ మీంచి చూపు తిప్పలేదు. "శ్రావణంలో గుర్రం తొక్కిందిగా సార్. మీరు పైనే ఉన్నారంట."

ఉన్నాడు. ఆ రోజు వాన వెలిసింది. ఒక్కసారైనా పరుగెత్తకపోతుందా అని మడమలతో గట్టిగా పొడిచాడు. ముత్యం పక్కకు దూకింది. మరియదాసు నేల మీద కూలబడ్డాడు. తను పైనుంచి అడిగిన మాట కూడా గుర్తుకొచ్చింది. "ముత్యానికేం కాలేదు కదా?" ఏం కాలేదు బాబుగారూ అన్నాడు మరియదాసు. తర్వాత రెండు రోజులు రాలేదు. జ్వరమని కబురు పంపాడు.

"మూడో చుట్టులో ఒకచోట మావయ్య చెట్టు వెనక్కి పోయాడండి," అన్నాడు ప్రేమ్ కిరణ్. "అక్కడ కాస్త పెద్దది చేస్తే మీరు నడుము దాకా వస్తారు. పన్నెండు సెకన్లు. అంతవరకు కట్ చేసి ఇవ్వనా?"

అతని గొంతులో వెటకారం లేదు. ఉంటే బాగుండునని హనుమయ్యకు అనిపించింది.

"వద్దు."

మర్నాడు షాపులో మాస్టారు పేపరు తెరవకుండానే అడిగాడు. "వారం దాటింది. వీడియో ఏదండీ?"

"పరుగూ లేదు, ఏమీ లేదు మాస్టారూ. గుర్రాన్ని నడిపేది మరియదాసు. నేను పైన కూర్చుంటాను."

మాస్టారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "ఆ సంగతి మాకు మొదటి వారమే తెలుసు. మీ తోట పక్కనే పాలు పోసే జోజమ్మ ఊరంతా చెప్పింది. మీరు చెబుతుంటే వినడానికి బాగుండేదని ఊరుకున్నాం."

అందరూ నవ్వారు. హనుమయ్య కూడా నవ్వాడు. మూడేళ్ళు మోసిన అబద్ధం అంత తేలిగ్గా పోయింది. కాలి సంగతి మాత్రం నోట్లోంచి రాలేదు. దానికి వాళ్ళెవరూ నవ్వరని తెలుసు.

తర్వాతి రోజు ఆరింటికి తోటకు వెళ్ళాడు. ముత్యం వీపున జీను వేసి ఉంది. మరియదాసు ఎదురొచ్చి, "ఆ బిళ్ళ నా జేబులోనే ఉండిపోయిందంట బాబుగారూ. మా వాడు చెప్పాడు. నేను చూసుకోవాల్సింది, తప్పు నాదే," అన్నాడు.

"నీది కాదు."

మరియదాసు అలవాటుగా చెయ్యి చాపాడు. హనుమయ్య జేబులో ఉన్నవాటిని జేబులోనే ఉంచుకున్నాడు.

"ఇవాళ ఎక్కను. నీ కాలు ఒకసారి చూపించు."

"ఎందుకులెండి. తగ్గిపోయింది."

"చూడనీ మరియదాసూ."

మరియదాసు ఎడమకాలిని గడ్డిమోపు వెనక్కి జరుపుకున్నాడు. తాడును ఈ చేతిలోంచి ఆ చేతిలోకి మార్చుకున్నాడు. తలెత్తి, "గుర్రాన్ని గాని అమ్మేస్తారా బాబుగారూ?" అని అడిగాడు.