గోధుమ గీత, నల్ల గీత

“పొగక్కా, నిజం చెప్పు, నీకు కళ్లు కనబడుతున్నాయా?” అని బోర్డుల కాంట్రాక్టరు ఒకసారి మొహం మీదే అడిగేశాడు.

“నీకంటే బాగానే” అంది ఆమె, తలెత్తకుండానే.

అబద్ధం. కుడికంట్లో శుక్లం ముదిరి ఏడాది దాటింది. ఎడమది దాని వెనకాలే నడుస్తోంది. ఆ సంగతి బయటపడితే బోర్డులు రావు. బోర్డులు రాకపోతే ఆమెకీ, చెల్లెలికీ అద్దె కట్టే దారి లేదు.

పదిహేడేళ్లుగా కిటికీ పక్క బల్ల ముందు కూర్చుని దుకాణాల బోర్డులకు ఎల్ఈడీలు అతుకుతోంది. ఎప్పుడు చూసినా సోల్డర్ పొగలో ఉంటుంది కాబట్టి పొగక్క. కళ్లు పోయినా చేతులే చూస్తాయని ఎవరైనా ఓదార్చబోతే ఆమెకు ఒళ్లు మండేది. కొంతవరకు అవి చూసేవి, నిజమే. ఎల్ఈడీ పొడుగు కాలు ప్లస్ అని వేళ్లకే తెలుసు. సోల్డరింగ్ ఐరన్ మొనను తడి స్పాంజి మీద తుడవడం, దానికి కాస్త సోల్డర్ పూయడం, ముందు అతుకును వేడెక్కించి ఆ తర్వాతే సోల్డర్ తీగ ముట్టించడం, ఇవన్నీ అలవాటు మీద సాగిపోయేవి. కానీ వేళ్లకు రంగులు తెలియవు కదా.

ఎల్ఈడీ ఆశపోతుది. ఇచ్చినంత కరెంటూ మింగి మాడిపోతుంది. దాన్ని అదుపులో ఉంచేది రెసిస్టర్. దాని ఒంటి మీద ఎరుపు, ఎరుపు, గోధుమ గీతలుంటే రెండు వందల ఇరవై ఓములు. మూడో గీత నలుపైతే ఇరవై రెండే, అంటే అదుపు పదో వంతే. బల్ల మీద రెండు డబ్బాలూ పక్కపక్కనే ఉండేవి.

మందుల దుకాణం బోర్డుకు నూట ఇరవై ఎల్ఈడీలు అతికి స్విచ్ వేస్తే, దీపాలు ఎన్నడూ లేనంత ధగధగలాడాయి. ఈవేళ తన కన్ను కాస్త తేరుకుందనుకుంది పొగక్క. దుకాణం యజమాని రోడ్డు అవతలికి వెళ్లి మరీ చూసి మురిసిపోయాడట. అయిదో రోజుకు దీపాలన్నీ మాడిపోయాయి.

కాంట్రాక్టరు తప్పంతా బోర్డుకు కరెంటు అందించే పవర్ సప్లై మీదికి తోశాడు. దాన్ని కట్టిన ముసలాయనకు కూలీ ఇచ్చేది లేదని తెగేసి చెప్పి, ఆ కబురు ఇక్కడికొచ్చి గొప్పగా వినిపించాడు. పొగక్క ఊ కొట్టింది. బోర్డు బల్ల మీద వదిలి అతను వెళ్లిపోయాక, చెల్లెలు దాన్ని కిటికీ దగ్గరికి లాక్కుంది.

“అక్కా, ఇవి గోధుమవి కావే. నలుపు.”

“అన్నీనా?”

“ఒక్కటీ వదల్లేదు నువ్వు. పోనీలే, ఆ ముసలాయనే నోరు మూసుకున్నాడుగా, నువ్వూ మూసుకో. ఆయన మనకేమైనా మేనమామా?”

పొగక్క ఐరన్ ప్లగ్ పీకి, బల్ల మీద తల వాల్చుకుంది. పుణ్యం, పాపం అనేవేవీ ఆమె బుర్రలోకి రాలేదు. రేపు ఇంకో బోర్డు, దాంట్లో ఇంకో రంగు, మళ్లీ ఇదే నాటకం. ఆడే ఓపిక లేదు, అంతే. కాంట్రాక్టరుకు ఫోన్ చేసింది.

“సప్లైలో తప్పు లేదయ్యా. నల్ల గీతను గోధుమ అనుకున్నా. నాకు కనబడటం లేదు.”

“ఎన్నాళ్లనుంచి?” అన్నాడు కాంట్రాక్టరు.

“నువ్వు అడగకముందు నుంచే.”

ముసలాయన కూలీ ఆయనకు ముట్టింది. మాడిన ఎల్ఈడీలు, బోర్డు దించి ఎక్కించిన ఖర్చు పొగక్క పద్దులోకి వెళ్లాయి. ఇప్పుడు చెల్లెలు సణుగుతూనే గీతలు చదివి, రెసిస్టర్లను ఏరి వరసగా టేపుకి అంటిస్తుంది. అక్క అతుకుతుంది. కాంట్రాక్టరు పంపే బోర్డులు సగానికి తగ్గాయి. కంటి ఆపరేషన్‌కి తేదీ ఇంకా అడగలేదు. బోర్డు తాలూకు బాకీలో మూడో వంతు మిగిలే ఉంది.