స్టెల్లా ఇంటి ముందు నాలుగడుగులు

స్టెల్లా చిత్తూరులో ఇరవై ఆరేళ్లు బస్సు కండక్టరుగా పనిచేసి రిటైరైంది. టికెట్లు కొట్టడం అయ్యాక ముందు తలుపు దగ్గర నిలబడి రోడ్డు వార ఇళ్లను చూడడం ఆమెకు అలవాటు. ఎవరింటికి కొత్త రంగు పడిందో, ఎవరు కిటికీ మార్చారో ఆమెకు తెలిసినంతగా ఆ ఇళ్ల చుట్టాలకు కూడా తెలియదు.

చిత్తూరు దగ్గరి ఐరాలలో ఆమె సొంతిల్లు రోడ్డుకు నాలుగడుగుల దూరంలో ఉంది. పోయిన ఏడాది గాలివానకు ముందున్న రేకుల పంచ కూలిపోయింది. ఇదే అదనుగా ఇంటి ముఖం బాగుచేయిద్దామని మునిరామయ్య మేస్త్రీని పిలిపించింది. ఆయన సెల్‌ఫోనులో ఒక బొమ్మ చూపించాడు. నాలుగు లావు స్తంభాలు, నడుమ నల్లద్దాలు, పైన రెండు సింహాలు.

“ఇప్పుడందరూ ఈ ఎలివేషనే పెట్టుకుంటాండారు మేడం.”

“నాలుగడుగుల్లో ఇన్ని స్తంభాలు నిలబెడితే మనుషులు యాడ కూసోవాలప్పా?”

“సింహాల మీద,” అన్నాడు లోపలినుంచి ఆమె భర్త జయరావు.

మాటలతో పని జరగదని, మరునాడు మేస్త్రీని చిత్తూరు తీసుకుపోయి పలమనేరు బస్సెక్కించింది. డ్రైవరు నారాయణ ఆమెతో చాలా ఏళ్లు డ్యూటీ చేసినవాడే.

“నారాయణా, ఊర్లు వచ్చినప్పుడు కొంచెం నిదానంగా పో. ఈయనకు ఇండ్లు సూపించాల.”

“అట్నే పోతాలే అక్కా.”

బంగారుపాళెం దాటేలోపు మేస్త్రీకి మెడ నొప్పి పట్టింది. ఒక ఇంటి మెట్టు రోడ్డు మీదికి పొడుచుకొచ్చి, ఏదో బండి తగిలి అంచు విరిగిపోయి ఉంది. ఒక ఇంటి గోడ నిండా వానకు చిమ్మిన బురద. ఇంకో చిన్నింటికి తలుపుకు రెండు పక్కలా తిన్నెలు, కిటికీకి సిమెంటు జాలీ.

“సూసినావా? లోపలున్నోళ్లు మనకు కనపడలా. వాళ్లకు మాత్రం రోడ్డంతా కనపడతాది.”

వెనక సీటులో ఒకామె గులాబీ రంగే బాగుంటుందని పట్టుబట్టింది. ఇంకొకాయన పూలతీగ పాకించమన్నాడు. పలమనేరులో దిగేసరికి మునిరామయ్య సింహాల మాట మరిచి, జేబులోని కాగితం మీద జాలీ గీస్తున్నాడు.

పని ఇరవై రోజులు నడిచింది. కిటికీకి జాలీ వచ్చింది, తలుపుకు రెండు పక్కలా తిన్నెలు లేచాయి. వాటి మధ్యే మెట్లు ఇమిడిపోయాయి. బురద చిమ్మినా కడిగితే పోయేలా గోడకు అడుగున కడప బండలు అతికించారు. రంగు మాత్రం స్టెల్లాయే ఎంచుకుంది, ఇటుక ఎరుపు. ఒక కోటింగు అయ్యాక రోడ్డుకు అవతల నిలబడి చూసి ఆమె ముఖం చిన్నబోయింది.

జయరావు బయటికొచ్చి తేరిపార చూశాడు. “పోలీస్‌స్టేషన్ మాదిరుండాది. ఎవురన్నా కేసు పెట్టేదానికి వచ్చేస్తారేమో!”

కోపంగా ఏదో అనబోయి ఆమె నవ్వు ఆపుకోలేకపోయింది. ఎరుపును కిటికీ అంచులకే ఉంచి, గోడకంతా లేత పసుపు వేయించింది.

చివరి రోజు చూస్తే తలుపు పైన సన్నటి కమాను ఒకటి వచ్చి ఉంది. ఆమె చెప్పింది కాదు.

“ఇదేంది మేస్త్రీ? ఇట్లాంటిది నేను యాడా సూడలేదే!”

“నేనూ సూడలేదు మేడం. మీ తలుపు పొట్టిగా ఉండాదని నాకే తోచింది. వద్దంటే కొట్టేస్తా.”

ఆమె రెండడుగులు వెనక్కి వేసి చూసింది. ఇంటికి అందం వచ్చింది ఆ కమానుతోనే అని ఒప్పుకోక తప్పలేదు.

“దాని మీద చెయ్యేస్తే ఊరుకోను,” అంది.

తిన్నెలు ఇంకా పూర్తిగా ఆరకముందే, ఆకుకూరలమ్మే చెంగమ్మ గంప దించి అడిగింది: “అమ్మా, ఈడ రవ్వంతసేపు కూసోనా?”

“కూసో. ఆ పక్కన తడుండాది, ఈ పక్కకు రా,” అని స్టెల్లా మంచినీళ్లు తెచ్చిచ్చి తనూ పక్కన కూర్చుంది. ఆ పూట గోంగూర బేరం అక్కడే తెగింది.