బీ రిజికీ చెప్పిన నా నవల

ఆవిడ పేరు రిజికీ. పెద్దావిడ కదా అని ఊరంతా ముందు 'బీ' చేర్చి బీ రిజికీ అనేది. టాంగా రేవు పట్నంలో కిత్తనార తోట ఆఫీసులో ఇరవై ఆరేళ్ళు టైపిస్టుగా చేసింది. పొద్దున కంపెనీ ఉత్తరాలు, మధ్యాహ్నం తన ఇంటి వరండాలో మా హత్యలు. మా అంటే, ఊళ్ళో డిటెక్టివ్ నవలలు రాసే నలుగురైదుగురం. నేను రైల్వే పార్సిలాఫీసులో పనిచేసేవాణ్ణి. నా రాతని చదివి టైపు చేయగలిగిన మనిషి ప్రపంచంలో ఆవిడ ఒక్కతే.

ఆవిడ టైపు చేస్తుంటే మేం వరండా మెట్ల మీద కూర్చుని వినేవాళ్ళం. మెషిను టకటకా ఆగకుండా పోతోందంటే హంతకుడు దొరికిపోయినట్టే. ఆగి, కళ్ళజోడు తుడుచుకుని, వెనక్కి రెండు పేజీలు తిరగేసిందంటే రాసినవాడికి ఆ రోజు పండగే. నా రెండు నవలలకీ ఆ మెషిను దగ్గడానికైనా ఆగలేదు. అయినా అర్జీ టైపు చేయించుకోవడానికి వచ్చిన ప్రతివాడికీ మా పుస్తకాల గురించి చెప్పి, చదివేదాకా నిద్రపట్టకుండా చేసి పంపేది. తనూ పదకొండేళ్ళుగా ఒక నవల రాస్తోందని మాత్రం ఆ ఏడాదిదాకా ఎవరికీ చెప్పలేదు.

ఆ ఏడాది కాగితం కరువు. సబ్బు కన్నా కాగితం కష్టంగా దొరికేది. ప్రెస్సు యజమాని మ్హినా దగ్గర ఒక్క పుస్తకానికి సరిపడా ఉంది. ఎవరి పుస్తకానికి వాడాలో తేల్చేది ఎప్పట్లాగే సెంబోజా కాఫీ కొట్టు అరుగు. శుక్రవారం సాయంత్రం అసర్ నమాజయ్యాక రేవు కూలీలూ దర్జీలూ బస్సు కండక్టర్లూ చేరేవాళ్ళు. అక్కడ తన పుస్తకం తను చెప్పుకోకూడదు, ఇంకొకరిది చెప్పాలి. చివరి అధ్యాయం గుమ్మందాకా వచ్చి ఆపాలి. అప్పుడు వినేవాళ్ళు హంతకుడెవరో ఊహిస్తారు. తప్పయితే చెప్పినవాడు 'కాదు' అనాలి. ఒప్పయితే నోరు మూసుకోవాలి. ఆ మౌనంతో పుస్తకం దొరికిపోయినట్టు. ఎవరికీ దొరకని పుస్తకానికే కాగితం. రాసినవాళ్ళు వేరుశనగ అచ్చు నములుతూ కూర్చోవాల్సిందే, పెదవి విప్పకూడదు.

మిగతావాళ్ళవి దొరికిపోయి చివరికి రెండు పుస్తకాలు మిగిలాయి, ఆవిడదీ నాదీ. నాది ఆవిడ చెప్పాలి, ఆవిడది నేను చెప్పాలి.

"కళ్ళలో నీటికాసులట. వచ్చే వానలదాకా చూపు ఆగదన్నాడు డాక్టరు. అచ్చులో ఒక్కసారి చూసుకోవాలని ఉంది మ్హినా," అంది ఆవిడ. అంతే అంది. నేను పక్కనే ఉన్నాను, విన్నాను.

మొదటి శుక్రవారం ఆవిడ నా నవల చెప్పింది. రేవు కాపలావాడి హత్య. అందులో డాక్టరు తడి చెప్పులతో వచ్చి కూర్చుంటాడు. చదివే మనిషికి బుర్ర ఉంటే అక్కడే పట్టేస్తాడు. ఆ సంగతి నాకే అప్పుడు తెలిసింది. ఆవిడ మాత్రం ఆ చెప్పుల దగ్గర డాక్టరు నడకని అనుకరించి అరుగంతా నవ్వించింది. నవ్వుల్లో చెప్పులు కొట్టుకుపోయాయి. తర్వాత కాపలావాడి పెళ్ళాం పడవల దగ్గర నిలబడి ఎదురుచూసే చోటుకి వచ్చేసరికి గొంతు తగ్గించింది. పోర్టు క్రేను నడిపే మోటు మనిషి ముక్కు చీదుకున్నాడు. అది నేను రాసిందేనా అని నాకే ఆశ్చర్యం వేసింది. పదిహేడు మంది ఊహించారు, పదిహేడుసార్లూ ఆవిడ "కాదు" అంది.

మరుసటి శుక్రవారం నా వంతు. ఆవిడ పుస్తకం సగందాకా చదివి మూసేశాను. నిజం చెబుతున్నా, కుళ్ళుకున్నాను. మామూలు మంచి పుస్తకమైతే ఓర్చుకునేవాణ్ణి. ఆరబెట్టిన కిత్తనార వరసల మధ్య తూకం గుమాస్తా శవం. అతను చచ్చిపోయాక కూడా అతన్ని చూశామని ఏడుగురు చెబుతారు, ఏడుగురూ నిజమే చెబుతారు. ఎలా కుదురుతుందది? కుదిరించింది. మిగతా సగం పేజీలు తిరగేసి పేర్లు పట్టుకున్నాను. చివరి అధ్యాయం ముట్టుకోలేదు. అది అరుగు మీద చెప్పేది కాదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

చప్పగా చెప్పి ముగించాను. దర్జీ కిలువా మొదటి ఊహ విసిరాడు.

"గుమాస్తా తమ్ముడు! ఇంకెవడు చంపుతాడయ్యా?"

కాదో అవునో నాకు తెలియదు. నోరు పెగల్లేదు. అందరూ నా మొహంకేసి చూస్తున్నారు.

"దొరికింది! మాట్లాడ్డం లేదు చూడండి! పదకొండేళ్ళు రాసింది అరనిమిషంలో పట్టేశా!" అని కిలువా చప్పట్లు కొట్టాడు. అందరూ కొట్టారు. బీ రిజికీ కాఫీ కప్పులోకి చూస్తూ కూర్చుంది. రాసినవాళ్ళు మాట్లాడకూడదు, ఆవిడ మాట్లాడలేదు. కాగితం నాకొచ్చింది.

ఇంటికెళ్ళి చివరి అధ్యాయం చదివాను. తమ్ముడు కాదు. ఎవరో మీకు చెప్పను, చెప్పకూడదు. లేచి నిలబడిపోయానని మాత్రం చెబుతాను. మొదటి పేజీనుంచీ ఆ మనిషి నాతో మాట్లాడుతూనే ఉన్నాడు, నేను వాడి మీద జాలిపడుతూనే ఉన్నాను. వెనక్కి తిరగేస్తే ప్రతి పేజీలోనూ ఉన్నాడు. మా పక్కన కూర్చుని మా తప్పులు దిద్దే మనిషి ఇంత రాసిందా!

ఆవిడ ముందుకు వెళ్ళడానికి నాలుగు రోజులు ధైర్యం చాల్లేదు.

"చివరిది చదవలేదు కదూ?" అంది నన్ను చూడగానే. "చదివినవాడెవడూ ఆ తమ్ముడి పేరు విని తెల్లమొహం వేయడు, నవ్వుతాడు."

"తిట్టండి బీ రిజికీ."

"తిట్టడానికి ఓపిక లేదు నాయనా, మూడు అర్జీలున్నాయి."

"నా పుస్తకాన్ని అంత బాగా ఎందుకు చెప్పారు? నాది నెగ్గితే మీది పోతుందని తెలుసుగా?"

కళ్ళజోడు తీసి నావైపు చూసింది. ఎంత కనబడిందో నాకు తెలియదు. "నీ డాక్టరు ఒట్టి వెధవ. తడి చెప్పులతో హత్యకి వస్తాడా ఎవడైనా? కానీ పడవల దగ్గర ఆ ఆడమనిషి ఉంది చూడు, అది నావల్ల కాదు. అలాంటిది నేను రాయలేను. దాన్ని నలుగురికీ చెప్పకుండా ఎలా ఉంటాను?"

మ్హినా దగ్గరికి పరిగెత్తాను. నా పుస్తకం నాలుగు ఫారాలు, అరవై పేజీల పైచిలుకు, అప్పటికే అచ్చయిపోయాయి.

"నిజం చెప్పడానికి నీకు ఇవాళ తీరిందా షెకువే? అచ్చేసిన కాగితాన్ని ఉతికి తెల్లగా చేయమంటావా?" అని గసిరాడు.

శుక్రవారం అరుగెక్కి ఉన్నదంతా చెప్పాను. చెవులు చిల్లులు పడేట్టు తిట్టారు. ఆ తిట్ల మధ్యలో కిలువా లేచాడు.

"ఆగండెహె! అయితే తమ్ముడు కాదా?"

"కాదు."

"మరెవడు?"

అప్పుడు మళ్ళీ మొదట్నుంచీ చెప్పాను, ఆవిడ నాది చెప్పినట్టు, ప్రాణం పెట్టి. ఐదు శుక్రవారాలు వాదించుకున్నారు. రేవులో బరువులు దించుతూ వాదించుకున్నారు, బస్సు ఆపి వాదించుకున్నారు. ఎవరికీ దొరకలేదు. ఆవిణ్ణి అడిగితే "పుస్తకంలో ఉంటుంది" అనేది. చివరికి ఊరే కాగితం వెతికింది. కూలీలు ఓడ సరుకు పట్టీలు తెచ్చారు, పంతుళ్ళు పాత పరీక్ష కాగితాలు తెచ్చారు, నేను పాడైపోయిన పార్సిలు ఫారాలు తెచ్చాను. వాటి వెనకవైపు తొంభై కాపీలు తీశాం.

అప్పటికి వానలు పడుతున్నాయి. పుస్తకం చేతికిస్తే బీ రిజికీ ఒక్కో పేజీ నెమ్మదిగా తిప్పింది, చివరిదాకా. కళ్ళు ఎటో చూస్తున్నాయి. చివరి అధ్యాయం చదివిన రాత్రే నేను నిజం చెప్పి ఉంటే చూసుకునేది. ఆ తప్పు నాది, దాన్ని ఎవరి మీదా తోయలేను.

అదే వారం మోషీనుంచి కొత్తగా బదిలీ మీద వచ్చిన నర్సు అరుగు దగ్గరికొచ్చి, బీ రిజికీ నవల ఎక్కడ దొరుకుతుందని అడిగింది. కప్పు అంచు వేళ్ళతో వెతుక్కుంటూ ఆవిడే జవాబిచ్చింది.

"ముందు మా షెకువేది చదువు తల్లీ. పడవల దగ్గర ఒక ఆడమనిషి ఉంటుంది, చూడు. నాది తర్వాత చదువుదువుగాని. ముందు నాది చదివావంటే ఇంక అతనిది చదవబుద్ధి కాదు."