జడ చూసి బంతి ఇచ్చిన మాస్టారు

మస్తాన్‌వలీ మాస్టారు దివంగతులయ్యారన్న కబురు అబుధాబి పక్కనే ముసఫ్ఫాలో ఉన్న మా ఆఫీసులో భోజనాల వేళ నాకు అందింది. సరిగ్గా అప్పుడు నేను ఆయనకే మెసేజ్ రాస్తున్నాను. ‘మేఘన భుజం మళ్ళీ పట్టేసినట్టుంది మాస్టారూ. శనివారం సెలెక్షన్. ఏం చేయమంటారు?’ అని. ఇంకా పంపలేదు. ఆయన పొద్దున్నే గుండెపోటుతో పోయారని స్కూల్ గ్రూపులో ఎవరో పెట్టారు. కుర్చీలోంచి లేచాను, మంచినీళ్ళ దాకా వెళ్ళాను, తాగకుండానే తిరిగొచ్చాను. ఆ రోజు నుంచి నా కాలు ఒకచోట నిలవడం లేదు.

తెలియని వారి కోసం రెండు మాటలు. మాస్టారిది నెల్లూరు జిల్లా కావలి. అబుధాబిలో మా పిల్లలు చదివే స్కూల్లో వ్యాయామోపాధ్యాయులు. క్రీడను ఉపాసనగా భావించిన వారు చాలామంది ఉంటారు. ఈయన ఆడే పిల్లల దేహాన్నే ఉపాసించారు. కప్పులూ పతకాలూ స్కూలు అద్దాల బీరువాలో ఉండేవి, ఆయన వాటివైపు చూసేవారు కాదు. ఆయన చూపంతా ఫాస్ట్ బౌలింగ్ వేసే పిల్లల భుజాల మీదే. మా అమ్మాయి మేఘన వాళ్ళలో ఒకతి.

ఆయన ట్రాక్ ప్యాంటు కుడి జేబు ఎప్పుడూ సాగిపోయి ఉండేది. పిల్లలు ఊపుమీద బౌలింగ్ చేస్తున్నప్పుడు నడుచుకుంటూ వచ్చి, బంతి తీసుకుని ఆ జేబులో వేసుకునేవారు. “ఖలాస్ బేటా. ఇంటికి పో,” అనేవారు. ఇంకొక్క ఓవర్ సార్ అని బతిమాలితే నవ్వేవారు తప్ప బంతి మాత్రం బయటికి వచ్చేది కాదు. మాలాంటి తల్లిదండ్రులకు ఒళ్ళు మండేది. ఎండాకాలం రాకముందే ఆడుకోవాలి కదా ఇక్కడ, ఉన్న నాలుగు చల్లని నెలలూ ఈయన జేబులోనే పోయేవి.

ఆయనకొక ఆచారం ఉండేది. బౌలింగ్ వేసే ఆడపిల్లలు ఎవరి జడ వాళ్ళే వేసుకుని రావాలి. అమ్మ వేయకూడదు, అక్క వేయకూడదు. జడ వేసుకోవాలంటే చేతులు రెండూ తల వెనక్కి వెళ్ళి కాసేపు అక్కడే ఉండాలి. భుజంలో ఏ కాస్త నొప్పున్నా చెయ్యి మొరాయిస్తుంది. జడ వదులైనా, సగంలో రబ్బరు బ్యాండు వేసి వదిలేసినా ఆ రోజు బంతి లేదు. “బిడ్డ అబద్ధం చెప్తాదమ్మా, జడ చెప్పదు,” అనేవారు నాతో.

పోయిన ఏడాది స్కూళ్ళ టోర్నమెంటు ఫైనల్ రోజున మేఘనకు పొద్దుటి నుంచే భుజం నొప్పి. మాకెవరికీ చెప్పలేదు. బస్సులో స్నేహితురాలి చేత చక్కగా జడ వేయించుకుని దిగింది. మాస్టారు దాని చుట్టూ ఒక్కసారి తిరిగారు.

“ఎవరేశారు బేటా?”

“నేనే సార్.”

“నువ్వేసుకుంటే ఎడం భుజం మీదికి వస్తాది. ఇది నడిమధ్యన తిన్నగా దిగుతుండాది. బస్సులో వేయించుకున్నావా?”

అది తల దించుకుంది. బంతి ఆయన జేబులోకి వెళ్ళింది. మ్యాచ్ ఓడిపోయాం. నేను గేటు దగ్గర ఆయన్ని నిలదీశాను. “ఒక్క జడ కోసం ఫైనల్ పోగొడతారా మాస్టారూ?” అన్నాను. “ఫైనళ్ళు ఏటేటా వస్తాయమ్మా. భుజం పోతే ఏ అంగట్లో దొరకదు,” అన్నారు. ఆ తర్వాత డాక్టరు కూడా, ఆ రోజు బౌలింగ్ వేసి ఉంటే అమ్మాయి చాలాకాలం బంతి పట్టేది కాదన్నాడు. అయినా నాకు ఆ కోపం ఇప్పటికీ పూర్తిగా చల్లారలేదు. మనిషి పోయాడని అబద్ధమెందుకు చెప్పాలి!

ఆయన పట్టుదలకు మూలమేమిటో తర్వాత ఓసారి ఆయనే చెప్పారు. కుర్రతనంలో కావలిలో ఊళ్ళ పోటీల్లో ఆయనది మహా వేగమట. జనం ఈలలు వేస్తుంటే ఒక సెలవుల్లో ఆపకుండా బౌలింగ్ వేశారు. ఆ చెయ్యి మళ్ళీ భుజం దాటి లేవలేదు. నల్లబల్ల మీద ఆయన రాత ఎప్పుడూ కింది సగంలోనే ఎందుకుండేదో నాకు అప్పుడు అర్థమైంది. “నమాజులో చేతులు చెవుల దాకా ఎత్తాల. అల్లా ముందు నిలబడినా నా కుడిచెయ్యి సగంలోనే ఆగిపోద్దమ్మా. చప్పట్లు కొట్టినోళ్ళు ఒక్కరన్నా ఆస్పత్రికి రాలేదు,” అన్నారు. అంత దుఃఖాన్ని అంత మామూలుగా చెప్పిన మనిషిని నేను మరొకరిని చూడలేదు.

పోయిన రోజు సాయంత్రమే ఇక్కడి మట్టిలోనే ఆయన్ని ఖననం చేశారు. కావలిలో ఉన్న ఆయన భార్య ఫోన్లో చూశారు. మేఘన ఏడవలేదు. ఇంటికొచ్చి భుజానికి ఐస్ పెట్టుకుంది, తీసేసింది, మళ్ళీ పెట్టుకుంది. దానికి కావలసింది ఒక్కటే, అబుధాబి పిల్లల జట్టులో చోటు. నాకు కావలసిందీ అదే. వద్దనే మనిషి ఇప్పుడు లేరు.

శనివారం తెల్లవారింది. కారు తాళాలు పట్టుకుని గది గుమ్మంలో నిలబడ్డాను. అద్దం ముందు మేఘన జుట్టు మూడు పాయలు చేసింది. నాలుగు మెలికలు పడేసరికి కుడిచెయ్యి జారి ఒళ్ళో పడింది. మళ్ళీ ఎత్తింది. మళ్ళీ పడింది.

“అమ్మా, నువ్వు వెయ్యవా? అక్కడ జడ ఎవరు చూస్తారు?”

నిజమే, ఎవరూ చూడరు. నేను దువ్వెన అందుకున్నాను. పాయలు నా చేతిలోకి వచ్చాయి కూడా. అది అద్దంలో నన్నే చూస్తోంది. ఉన్నట్టుండి తల వెనక్కి లాక్కుంది.

“వద్దులే అమ్మా. సార్‌కి తెలిసిపోద్ది.”

అప్పుడు ఏడ్చింది, ఆయన పోయిన తర్వాత మొదటిసారి. ఇద్దరం ఏడ్చాం. సెలెక్టర్లకు ఫోన్ చేసి రాలేమని చెప్పాను. వచ్చేసారి చూద్దామన్నారు. వచ్చేసారి పిలుస్తారో లేదో తెలియదు.

మస్తాన్‌వలీ మాస్టారూ, మీ స్థానంలో స్కూలు మరో ఉపాధ్యాయుణ్ణి నియమిస్తుంది. ఆయన పిల్లలకు వేగం నేర్పగలరు, ఆగడం నేర్పగలరో లేదో. మీ పవిత్ర స్మృతికి నమస్కరిస్తూ ఒక్క మాట. ఆ ఉదయం మేఘన కిట్ బ్యాగులోంచి బంతి తీసి నా చేతిలో పెట్టింది. నా బట్టలకు జేబులు లేవు. అప్పటి నుంచి వంటింట్లోకీ హాల్లోకీ దాన్ని పట్టుకునే తిరుగుతున్నాను. దాన్ని మళ్ళీ పిల్ల చేతికి ఎప్పుడు ఇవ్వాలో నాకు తెలియదు. తెలిసిన మనిషి మీరొక్కరే.