చల్లని గదిలో నెగ్గిన కంప్యూటర్లు

కొత్తపేటలో పన్నెండేళ్లు అద్దెకున్న ఇంటిని మేము ఖాళీ చేయడానికి కారణం ఐదు పాత కంప్యూటర్లు.

ఇంటి యజమాని మా కింది వాటాలోనే ఉండేవాడు. ఊరు నగరంలో కలిసిపోయి వాళ్ల పొలాలు ప్లాట్లయ్యాక, ఆయన ఎల్బీనగర్‌లో పాత కంప్యూటర్లు బాగుచేసి అమ్మే దుకాణం పెట్టాడు. మేము కోస్తా నుంచి వచ్చినవాళ్లం. అయినా మా ఆవిడ ఆసుపత్రిలో ఉన్నన్నాళ్లూ మాకు రెండు పూటలా అన్నం వాళ్ల ఇంటినుంచే వచ్చింది. అలాంటి మనిషిని నేను పోగొట్టుకున్నాను.

దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్ కంప్యూటర్ల బాధ్యత నాది. ఆన్‌లైన్ నమూనా పరీక్షలకు ఇరవై యంత్రాలు కావలసినప్పుడు ఆయన పేరు చెప్పింది నేనే. అయితే ఎవరు పంపినా సరే, వచ్చిన ప్రతి యంత్రాన్నీ రెండు రోజులు పరీక్షించడం నా పద్ధతి. పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ ఎక్కించి, ఉచితంగా దొరికే ఓపెన్ సోర్స్ సాఫ్ట్‌వేర్‌తో ప్రాసెసర్‌కు క్షణం తీరికలేని పని పెడతాను. మెమరీలో రాసినదాన్ని తిరిగి చదివించి, తేడా వస్తుందేమో చూస్తాను. గంటగంటకూ ఎంత వేడెక్కిందో డైరీలో రాసుకుంటాను.

పదిహేను నిలబడ్డాయి. తక్కిన ఐదూ వంద డిగ్రీల దగ్గరకు చేరి వాటంతటవే ఆగిపోయాయి. ప్రాసెసర్ వేడిని బయటికి లాగే పేస్ట్ ఎండిపోయిందన్నమాట. చిన్న పనే, ఆదివారం కూర్చుని నేనే మారుస్తానన్నాను. ఆయన ఒప్పుకోలేదు. గ్యారంటీ స్టిక్కర్ అంటించి పంపిన పెట్టెను కొన్నవాడి ఎదుట విప్పితే దుకాణం పరువేం కావాలన్నాడు. మా సెంటర్ డైరెక్టర్ ముందే నవ్వుతూ ఒక మాట విసిరాడు.

“పిల్లను సూడనీకి ఒచ్చి గుట్టెక్కి దిగమన్నట్టున్నది సారూ మీ ముచ్చట. పోరగాళ్లు కూసోని బటన్ నొక్కేటందుకు గింత పరీక్షేంది?”

డైరెక్టరూ నవ్వాడు. ఆ ఐదింటినీ తన గదికి తెప్పించి, ఏసీ కింద అదే పరీక్ష పెట్టించాడు. సాయంత్రం దాకా ఒక్కటీ ఆగలేదు.

“బాగానే ఉన్నాయి కదండీ,” అన్నాడు.

“ఈ గదిలో పిల్లలు కూర్చోరు సార్,” అన్నాను.

పిల్లలు కూర్చునే హాలుకు రేకుల కప్పు, నాలుగు ఫ్యాన్లు. అయినా డైరెక్టర్ ఇరవై యంత్రాలూ కొనేశాడు.

మే నెలలో మొదటి నమూనా పరీక్ష జరిగిన మధ్యాహ్నం, ఐదింటిలో నాలుగు సగంలో ఆగిపోయాయి. పెట్టిన జవాబులన్నీ పోయిన ఒక అమ్మాయి, నల్లబడిన తెర ముందు చేతులు ఒళ్లో పెట్టుకుని అలాగే కూర్చుంది. డైరెక్టర్ ఫోన్‌లో మా ఇంటి యజమానిని నానా మాటలూ అన్నాడు. ఆ సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఆయన మెట్ల దగ్గర నిలబడి ఉన్నాడు.

“మంచిగున్న మిషన్లను రెండు దినాలు ఉడకబెట్టినవ్. పాడుగాక ఏమైతయ్?”

పన్నెండేళ్లలో నన్ను నువ్వనడం అదే మొదలు. ఉన్న లోపాన్ని పరీక్ష బయటపెడుతుందే తప్ప కొత్తగా పుట్టించదని నిదానంగా వివరించాను. ఆయన చివరిదాకా విని, నేను ముట్టుకోకపోతే అవి నడిచేవని మాత్రం అన్నాడు. డైరెక్టర్‌కూ ఆ మాటే అనుకూలించింది. తన గదిలో నెగ్గినవి హాలులో ఓడిపోవడానికి నేనే కారణమని సెంటర్‌లో అందరికీ చెప్పాడు.

చివరికి ఐదింటికీ పేస్ట్ మార్చింది నేనే. ఆ తర్వాత ఎండలు ఎంత ముదిరినా ఒక్కటీ ఆగలేదు. ఆ సంగతి మా ఆవిడ ఇంటి యజమాని భార్యకు చెప్పింది. జవాబుగా కబురు వచ్చింది: తమ్ముడి కొడుకు వస్తున్నాడట, పై వాటా కావాలట. ఆ తమ్ముడికి కొడుకులు లేరని ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు. ఎప్పటికల్లా ఖాళీ చేయాలో మాత్రమే అడిగాను.

హయత్‌నగర్‌లో చూసుకున్న ఇంటికి సామాను వ్యాన్‌లోకి ఎక్కుతుంటే ఆయన గేటు దగ్గరికి వచ్చాడు.

“సారూ, హయత్‌నగర్ల ఇల్లు మంచిగ పరీక్ష చేసే తీస్కున్నరా? గోడలు గుద్ది సూసిన్రా?”

మళ్లీ సారూ అన్నాడు గదా అని ఒక క్షణం ఆశపడ్డాను. ఆయన ముఖంలో నవ్వు లేదు. కుళాయిలన్నీ ఒకేసారి విప్పి, ఫ్యాన్లన్నీ వేసి మరీ చూశానని ఆ మనిషికి ఎలా చెప్పను?

“వెళ్లొస్తామండీ అన్నగారూ,” అన్నాను. ఆయన గేటు వేసుకున్నాడు.