జీడితోటలో రెండో కదలిక

ఈ ఉదయం మా కాలేజీ తోటలో కూలీలు చెట్ల కింద పేరుకున్న ఆకులు తోడుతుంటే, అడుగున మాగిన ఆకుల వాసన స్టాఫ్ రూమ్ దాకా వచ్చింది. చాలాకాలం మూసి ఉంచిన గది తలుపు తీసినట్టుంది. కాఫీ కప్పు పట్టుకుని అలాగే నిలబడిపోయాను. ఆ వాసన వస్తే నాకు మా వరలక్ష్మి మేడమ్ గుర్తొస్తారు. ఆవిడతో గడిపిన ఒక సాయంత్రం మరీ గుర్తొస్తుంది.

ఆవిడ రాజమండ్రిలో మాకు జంతుశాస్త్రం చెప్పేవారు. ఇప్పుడు భీమవరంలో నేను చెబుతున్నదీ అదే. నేను ఆ కాలేజీలో చేరేనాటికే ఆవిడ చూపు తగ్గిపోతోంది. రెటీనా జబ్బు, వైద్యం లేదన్నారట. బోర్డు మీద రాయడం మానేసి మ్యూజియం గదిలోనే పాఠం చెప్పేవారు. ఒకరోజు సీసాలోంచి వానపాములా మెరిసే జీవిని తీసి నా అరచేతిలో పెట్టారు.

"పొట్ట కింద వేలితో నిమిరి చూడు. ఏం తెలుస్తోంది?"

"అంతా ఒకేలా నున్నగా ఉందండి."

"పాముకైతే పొట్ట కింద వెడల్పాటి పొలుసులు ఒకే వరసలో ఉంటాయి. దీనికి పైనా కిందా చిన్నవే. చెవి రంధ్రం కూడా ఉంది, సూదిమొనంత. ఇది బల్లి జాతి అమ్మా. పెరట్లో తిరిగే, పేరుకే పామైన నలికళ్ల పాముకి చుట్టం. తరతరాలు మట్టిలో బతికి కాళ్లు పోగొట్టుకుంది."

కాళ్లు లేని బల్లులన్నీ ఒకే కుటుంబం కావనీ, వేర్వేరు వంశాలు వేర్వేరుగా ఇలా మారాయనీ చెప్పారు. కొన్నిటిని వేటి సరసన చేర్చాలో పండితులకు చాలాకాలం తేలలేదట. వాటినేం చేస్తారని అడిగాను. "తేలలేదని రాసి పక్కన ఉంచుతారు. ఏదో ఒక గుంపులో తోసెయ్యడం కన్నా అదే నయం" అన్నారు.

ఆ వేసవిలో మేడమ్‌కు దూరపు బంధువు సత్యవతి గారి దగ్గర్నుంచి ఫోన్ వచ్చింది. వాళ్లది మెట్ట వైపు ఊరు. భర్త జీడిమామిడి తోటలో గుండెపోటుతో పడిపోయి అక్కడికక్కడే పోయారు. అప్పట్నుంచీ ఆయన పడిన చోట సాయంత్రాలు మట్టి కదులుతోందట. చూస్తే కన్నం కూడా ఉండదట. కూలీలు రావడం మానేశారు. తెల్లారితే పొక్లెయిన్ పెట్టి తోటంతా తిరగేయిస్తానని మరిది పట్టుబట్టాడు. మేడమ్ నన్ను తోడు తీసుకుని బయల్దేరారు.

మేం వెళ్లేసరికి పొద్దు వాలుతోంది. తోటలో ఒక్క పిట్ట అరుపూ లేదు. మేడమ్ ఆ చోట కూర్చుని, ఆకులు పక్కకి జరిపి, చేయి మట్టిలో పెట్టి కదలకుండా ఉన్నారు. ఆకులు సన్నగా వణికాయి. ఆవిడ వేళ్లు బిగిశాయి. పైకి తీసేసరికి సీసాలో చూసినలాంటి జీవి ఒకటి వచ్చింది; దాని తోక తెగి సత్యవతి గారి పాదం పక్కన పడి, తనంతట తానే మెలికలు తిరగసాగింది. ఆవిడ పాదం వెనక్కి తీసుకోలేదు.

మేడమ్ దాని పొట్ట నిమిరారు. "బల్లేనండి. విషం లేదు. తోక మళ్లీ వస్తుంది."

మరిది గట్టిగా ఊపిరి వదిలాడు. "బల్లికా అండి ఇంత హడావుడి?"

"అయితే ఆయన కాదన్నమాట" అన్నారు సత్యవతి గారు, చాలా నెమ్మదిగా. అందరూ భయపడి పారిపోయిన చోట ఆవిడ రోజూ సాయంత్రం కూర్చుని, ఆ రోజు కబుర్లన్నీ భర్తకి చెప్పుకుంటున్నారని అప్పుడు తెలిసింది.

మేడమ్ బల్లిని మట్టిలో వదిలేసి, చేయి మాత్రం నేలకే ఆనించి ఉంచారు. కాసేపటికి ఆవిడ ముఖం మారింది.

"ఎవరైనా కదిలారా?"

"లేదండి" అన్నాను.

అప్పుడు నేనూ చూశాను. దూరంగా ఆకులు జానెడు వెడల్పున మెల్లగా లేస్తూ మా వైపు వచ్చాయి. చప్పుడు లేదు. ఆ కదలిక మేడమ్ చేతి కిందుగా సాగి సత్యవతి గారి మోకాలి దగ్గర ఆగిపోయింది.

"అదీ బల్లేనా అండి?" మరిది రెండడుగులు వెనక్కి వేశాడు.

అవునంటే అందరం నిశ్చింతగా లేచిపోయేవాళ్లం. మేడమ్ నేల మీంచి చేయి తీశారు. "నాకు తెలియదు. తెలియనిదాని మీద పొక్లెయిన్ నడపకండి" అన్నారు. సత్యవతి గారి చేయి పట్టుకుని, బాగా చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నారు. నేనూ లేవలేదు.

తిరుగు బస్సులో అడిగాను, బల్లే అనేస్తే పోయేది కదా అని.

"నేను పట్టుకున్నది చల్లగా ఉందమ్మా, మట్టి లాగే" అన్నారు కిటికీ వైపు తిరిగి. "రెండోది వెచ్చగా ఉంది."

తోట తవ్వలేదు. బల్లి మాట విని కూలీలు తిరిగొచ్చారు. రెండోదాని గురించి మరిది ఎవరికీ చెప్పలేదు. సత్యవతి గారు అక్కడ కూర్చోవడం మానలేదు. మేడమ్‌కు తర్వాత చూపు పూర్తిగా పోయింది. ఆవిడ పోయి ఇప్పుడు కొన్నేళ్లు.

నిరుడు మా నాన్న పోయినప్పుడు నా కూతురు అందరినీ ఒకటే అడిగింది, తాతయ్య ఎక్కడికెళ్లాడని. ఒకరు చుక్కల్లోకి అన్నారు, ఒకరు దేవుడి దగ్గరికి అన్నారు. చివరికి నా దగ్గరికి వచ్చింది. నాకు తెలియదమ్మా అన్నాను. కాసేపు నా ముఖంలోకి చూసి, నా ఒడిలో తల పెట్టుకుని పడుకుంది. అది నిద్రపోయాక కూడా నేను లేవలేదు.