అత్తగారి నేరేడు సీసా

ఎనభైల తొలినాళ్లు. పెళ్లయి, ఆళ్లగడ్డ పక్క పల్లెకు కాపురానికొచ్చిన మొదటి వేసవి. ద్రాక్ష మా దాకా వచ్చేది కాదు కాబట్టి, మా చర్చిలో ప్రభు బల్లకు, అంటే అందరికీ రొట్టె, రసం పంచే ఆరాధనకు, ఆ కాలంలో నేరేడు రసమే వాడేవారు. అది తీసేది మా అత్తగారు.

ఎప్పుడూ ఆదివారం తెల్లవారుజామున పిండే ఆమె, ఆసారి గాలివానకు పండ్లన్నీ శుక్రవారమే రాలిపోయేసరికి "రేపటికి కుళ్లిపోతాయి, ఇప్పుడే పిండుదాం పా" అంది. పెద్ద సీసా నిండా రసం పోసి, బిరడా బిగించి, చుట్టూ మైనం కూడా అంటించింది.

"పొయ్యి మీద కాంచి పోద్దామా అత్తా? పచ్చిది పులుస్తాదేమో" అని పోసేముందే అన్నాను.

"నిన్న వచ్చినావ్, నాకు నేర్పిస్తాండావా?" అంది. నాతో ఆమె మాటలన్నీ అట్లాగే ఉండేవి.

ఆదివారం అందరం కళ్లు మూసుకుని ప్రార్థనలో ఉండగా, ముందు వైపు నుంచి ఢామ్మని చప్పుడు! మా వైపు అలాంటి చప్పుడు వింటే ఎవరికైనా ముందు తోచేది ఒకటే.

"బాంబురోయ్!" అని ఎవరో అరిచారు.

కళ్లు తెరిస్తే, నంద్యాల నుంచి వచ్చిన పాస్టరుగారి తెల్లంగీ ఎర్రగా తడిసిపోయి ఉంది. జనం తలుపులకూ కిటికీలకూ ఎగబడ్డారు. కిటికీ దూకినవాళ్లలో మా ఆయనే మొదటివాడు. నేను కదిలేలోపే ఎవరో నన్ను చాప మీదికి తోసి, నా మీద బోర్లా పడ్డారు. ఊపిరాడలేదు.

"బాంబు కాదప్పా, నేరేడు రసం! బిరడా ఎగిరింది!" అని పాస్టరుగారు మూతి తుడుచుకుంటూ అరిచాక, ఆ బరువు లేచింది. చూస్తే మా అత్త!

"లెయ్. చీరంతా దుమ్ము చేసుకున్యావ్" అని కసిరింది.

ఆ తర్వాత ఆమె ఎన్ని తిట్లు తిట్టినా నాకు కోపం రాలేదు. తిట్టు మొదలవగానే ఆ బరువే గుర్తొచ్చేది.